మూతపడని ఊలు దుకాణం చేసిన నేరం

పాఠకులారా, మీ వీధి చివరి దుకాణం ఇంకా తెరిచే ఉందా? అయితే మీకు నా ప్రగాఢ సానుభూతి!

దుకాణమన్నాక మూతపడాలి. మూతపడితేనే దానికి అందం, యజమానికి గౌరవం, ఊరికి చరిత్ర. వెటకారమాడుతున్నానని అనుకోకండి. యార్క్‌షైర్ కొండల్లో మా హెక్‌డెన్ లాంటి చిన్న ఊళ్ళో యాభై ఎనిమిదేళ్ళు బతికి, కళ్ళారా చూసి తేల్చుకున్న సత్యమిది.

సగ్డెన్ మాంసం కొట్టునే తీసుకోండి. కొట్టు నడిచినన్నాళ్ళూ ఊరు ఆయన్నేమనేది? తక్కెడలో బొటనవేలు పెడతాడనేది. కీమాలో కొవ్వు దట్టిస్తాడనేది. ఆ కొట్టు పోయి, అక్కడ గోళ్ళకి రంగులేసే సెలూన్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడు అడగండి! సగ్డెన్ సాసేజీ తిన్న నోటికి ఇంకే సాసేజీ ఎక్కలేదని కళ్ళొత్తుకునేవాళ్ళు వీధికి పదిమంది. అందులో ఒకాయన ముప్ఫై ఏళ్ళుగా మాంసమే ముట్టడు.

గ్రిమ్‌షా చేపల కొట్టు దగ్గరికొస్తే మేమంతా రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటేవాళ్ళం. ఇప్పుడా కంపు కోసం ఊరు ఊరంతా అంగలారుస్తోంది. బొమ్మల కొట్టు ప్రాట్ గారైతే పిల్లల్ని చీపురు పట్టుకుని తరిమేవాడు. నాకే రెండు దెబ్బలు తగిలాయి. కొట్టు మూసేశాక ఆయన పిల్లలంటే ప్రాణమిచ్చే మహానుభావుడయ్యాడు. చచ్చినవాడి కళ్ళు చారెడేసి అని పెద్దలు ఊరికే అన్నారా?

ఇంత ప్రేమా ఎక్కడ పారుతోందంటారా? ఫోన్లో. "హెక్‌డెన్: ఆ రోజులే వేరు" అని మాకొక గ్రూపుంది. ఊరి జనాభా పదకొండు వేలు, గ్రూపు జనాభా పద్నాలుగు వేలు. ఎక్కువైన మూడు వేలమందీ ఊరిని మనసారా ప్రేమించడం కోసం ముందు జాగ్రత్తగా ఊరొదిలి స్పెయిన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ స్థిరపడ్డవాళ్ళు.

ఈ గ్రూపుకి అడ్మిన్ క్లైవ్ బ్రియర్లీ. డ్రైవింగ్ నేర్పే పని చేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే ఒక పాత దుకాణం ఫోటో పెట్టి, "ఎవరికైనా గుర్తుందా?" అని అడుగుతాడు. గుర్తుండకేం? సాయంత్రానికి వందలమందికి గుర్తొస్తుంది. తర్వాత అందరూ కారెక్కి, ఊరవతల ఓ పదెకరాల్లో పరుచుకున్న పెద్ద సూపర్ మార్కెట్‌కెళ్ళి సరుకులు తెచ్చుకుంటారు.

అంతా సవ్యంగా సాగిపోతున్న ఈ ఊళ్ళో ఒకే ఒక్క మనిషి మొండికేసింది. ఆమె బెరిల్ ఓల్డ్‌రాయిడ్. ఆమె చేసిన నేరం, చాపెల్ వీధిలో తన తల్లి పెట్టిన ఊలు దుకాణాన్ని ఇంకా మూసెయ్యకపోవడం!

బెరిల్‌కి డెబ్బై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తొమ్మిదింటికి తలుపు తీస్తుంది, అయిదింటికి వేస్తుంది. బుధవారం ఒంటిపూట, మధ్యాహ్నం ఒంటిగంటకి కట్టేస్తుంది. ఒకప్పుడు హెక్‌డెన్‌లో అన్ని దుకాణాలూ బుధవారం ఒంటిపూటే. "ఇదెక్కడి దిక్కుమాలిన అలవాటు, వారం మధ్యలో సూదీ దారం కూడా దొరకవు" అని మా అమ్మ గొణిగేది. మొన్న అదే సంగతి నేను గ్రూపులో రాశాను, ఆహా ఆ బుధవారాలు, ఆ ప్రశాంతత అని. మూడొందల లైకులొచ్చాయి.

బెరిల్ దుకాణంలో గోడ మొత్తం ఆక్రమించిన అరల బీరువా ఒకటుంది. అక్కడ నడిచే పద్ధతి గురించి చెప్పాలి.

ఊలు అల్లేవాళ్ళకి తెలుసు, ఒక స్వెటర్‌కి పది ఉండలు పడతాయి. పదీ ఒకే తొట్టిలో రంగు ముంచినవై ఉండాలి. తొట్టి మారితే రంగు వెంట్రుకవాసి మారుతుంది. అప్పుడు ఒంటికొక ఆకుపచ్చ, చేతులకొక ఆకుపచ్చ వచ్చి, ఇద్దరు మనుషుల్ని కలిపి కుట్టినట్టుంటుంది. పదీ ఒక్కసారే కొనే స్తోమత మిల్లు కూలీల ఇళ్ళకెక్కడిది? అందుకని బెరిల్ తల్లి, ఆ పది ఉండలూ ఒక అరలో పెట్టి, పైన పేరు రాసిన చీటీ అంటించేది. అల్లేకొద్దీ వారానికొకటి వచ్చి కొనుక్కెళ్ళచ్చు. మిగతావి ఇంకెవరికీ అమ్మేది కాదు. ఎన్నాళ్ళైనా సరే! తల్లి పోయాక బెరిల్ కూడా ఆ మాట తప్పలేదు.

గత క్రిస్‌మస్ నాటికి ఇరవై మూడు అరల మీద పేర్లున్నాయి. మొదలుపెట్టి ఆపేసినవాళ్ళూ, రేపొస్తామని వెళ్ళినవాళ్ళూ. బెరిల్ వాళ్ళనేమీ అనుకోదు. చలి ముదిరితే వాళ్ళే వస్తారని దుమ్ము దులిపి పెడుతుంది.

చిక్కేమిటంటే, మార్చి ఇరవయ్యయిదుకి దుకాణం లీజు ముగుస్తుంది. కొత్త కాగితం మీద సంతకం పెట్టాలి, లేదా ఆ రోజు ఒంటిగంటకి తాళాలిచ్చెయ్యాలి. బెరిల్ ఆ కాగితాన్ని గోడగడియారం వెనక దోపింది. దుకాణం లేకుండా తానేమిటో ఆమెకి తెలియదు. అలాగని రాని జనం కోసం ఎన్నాళ్ళు కూర్చోగలదు? బాగా ఆలోచించి తనకి తానే ఒక షరతు పెట్టుకుంది. అరల మీద పేర్లున్న ఇరవై ముగ్గురిలో అయిదుగురు, కేవలం అయిదుగురు, గడువులోగా వచ్చి తమ ఊలు తీసుకెళ్తే సంతకం పెడుతుంది. ఈ సంగతి ఒక్క జాయిస్‌కే చెప్పింది, అది కూడా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని.

జాయిస్ టాటర్సాల్ బెరిల్ చిన్ననాటి స్నేహితురాలు. ప్రతి శుక్రవారం వచ్చి, దుకాణంలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుంటుంది. ఇంటర్‌నెట్‌లో చవగ్గా తెప్పించుకున్న ఊలు సంచీలోంచి తీసి, జారిపోయిన కుట్లు బెరిల్ చేత వేయించుకుని, ఇచ్చిన టీ తాగి వెళ్తుంది. దుకాణాన్ని ఆదుకోవడంలో జాయిస్‌ని మించినవాళ్ళు ఊళ్ళో లేరు!

జనవరిలో ఒక శుక్రవారం జాయిస్ రావడం రావడమే ఫోన్ చాపింది. క్లైవ్ ఆ రోజు పెట్టిన ఫోటో బెరిల్ దుకాణానిదే. గాజు కిటికీ, దాని ముందు పిల్లల బండ్లు, తలుపులో నడుముకి చెయ్యి పెట్టుకుని నిలబడ్డ బెరిల్ తల్లి. కింద, "ఎవరికైనా గుర్తుందా?"

అప్పటికే ఆరువందల నలభై మందికి గుర్తొచ్చింది. అలాంటి దుకాణం మళ్ళీ రాదన్నారు. అది పోయిన రోజునే హెక్‌డెన్ చచ్చిపోయిందన్నారు. ఇప్పుడక్కడ ఆవిరి సిగరెట్లు అమ్ముతున్నారని ఒకరు, కాదు కుక్కలకి క్షవరం చేస్తున్నారని ఇంకొకరు తిట్టుకున్నారు. చివరికి ఆస్ట్రేలియా నుంచి ఒకాయన, కూతురు బెరిల్ కూడా పాపం పోయిందనీ, అంత్యక్రియలకి తాను స్వయంగా వెళ్ళాననీ, తర్వాత పెట్టిన హ్యామ్ శాండ్‌విచ్‌లు బాగున్నాయనీ రాశాడు. దాని కింద రెండొందల ఏడుపు బొమ్మలు!

బెరిల్ కళ్ళజోడు సర్దుకుని మొదటినుంచీ చివరిదాకా చదివింది. ఆ గంటసేపట్లో దుకాణం తలుపు గంట ఒక్కసారి కూడా మోగలేదు.

"హ్యామ్ ఎక్కడ కొన్నారో మరి," అంది చివరికి. "సగ్డెన్ మాంసం కొట్టు కూడా లేదు కదే."

జాయిస్ చేతనే గ్రూపులో పేరు నమోదు చేయించుకుని, రెండు వేళ్ళతో పొడుచుకుంటూ రాసింది. తాను బతికే ఉన్నాననీ, దుకాణం తెరిచే ఉందనీ, తొమ్మిది నుంచి అయిదు, బుధవారం ఒంటిపూట అనీ. నాలుగు నిమిషాల్లో అది మాయమైంది. గ్రూపు నియమాల్లో నాలుగోది, వ్యాపార ప్రకటనలు నిషిద్ధం.

మళ్ళీ రాసింది. ఈసారి ప్రకటన లేదు, బతికున్నాను అన్నంతవరకే. పోయినవాళ్ళ పేరుతో ఇలాంటి వేళాకోళాలు చేసేవాళ్ళకి సిగ్గుండాలని పదిమంది చీవాట్లు పెట్టారు. జాయిస్‌కి ఒళ్ళు మండి, బెరిల్ చేతికి ఆ రోజు పేపరిచ్చి ఫోటో తీసి పెట్టింది. ఆ రోజుల్లో ఫోటోలు ఎంత స్పష్టంగా వచ్చేవో అని అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రానికి, చనిపోయిన వ్యక్తిలా నటిస్తున్నందుకు బెరిల్‌ని గ్రూపులోంచి తీసేశారు.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మా ఊళ్ళో ఇంకో అడుగు ముందుకేశాం, పెరటి చెట్టు ఉందన్నా ఒప్పుకోం!

ఆ తర్వాతి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి దుకాణం కట్టేసి, బెరిల్ కోటు తొడుక్కుని నేరుగా క్లైవ్ ఇంటికెళ్ళింది. క్లైవ్ ఆమెని మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ప్లేట్లో అల్లం బిస్కెట్లు పెట్టాడు. అరవై రెండేళ్ళొచ్చినా ఆమె ముందు చేతులు కట్టుకునే నిలబడ్డాడు. చిన్నప్పుడు దుకాణంలో అలాగే నిలబడేవాడు మరి.

"క్లైవ్, నాయనా, నేను బతికున్నానని నీకు తెలుసు కదా," అంది బెరిల్.

"తెలుసండీ మిస్ ఓల్డ్‌రాయిడ్. రోజూ కుక్కని తిప్పుతూ మీ దుకాణం ముందునుంచే వెళ్తాను."

"మరి ఆ ముక్క అక్కడ రాయచ్చుగా?"

క్లైవ్ బాధగా తల గోక్కున్నాడు. "అంతమంది కదిలిపోయారండీ. కొందరైతే వెక్కి వెక్కి ఏడ్చారట. ఇప్పుడు అదంతా ఉత్తిదే అంటే వాళ్ళ మనసు ఎంత కష్టపడుతుంది? మీరే ఆలోచించండి."

బెరిల్ ఆలోచించింది. బిస్కెట్ టీలో ముంచడం కూడా మర్చిపోయింది.

"పైగా చూడండి," అన్నాడు క్లైవ్, గొంతు తగ్గించి, "బతికుండగా ఇంత ప్రేమ ఎవరికి దక్కుతుంది?"

అంతటితో ఊరుకోలేదు. శుభవార్త ఒకటి చెప్పాడు. గ్రూపు సభ్యులు చందాలు వేసుకుని, దుకాణం జ్ఞాపకార్థం చాపెల్ వీధిలో టేకు బెంచీ వేయిస్తున్నారు. ఎక్కడా? దుకాణం ఎదురుగానే! మార్చి ఇరవై ఒకటి శనివారం ఆవిష్కరణ. ఆమె వస్తే అందరూ సంతోషిస్తారు కానీ, కాస్త వెనకవైపు నిలబడితే బాగుంటుందని మనవి చేసుకున్నాడు.

బెరిల్‌కి కోపం రాలేదనుకుంటున్నారా? వచ్చింది. ఇంటికెళ్ళే దారంతా పళ్ళు నూరింది. కానీ మర్నాడు తొమ్మిదింటికి మళ్ళీ తలుపు తీసింది. ఎందుకంటే జనవరిలోనే ఒకావిడ మనవడి టోపీ పూర్తి చేద్దామని తన అరలో ఊలు తీసుకెళ్ళింది. ఫిబ్రవరిలో రిటైరైన పోస్ట్‌మన్ ఒకడు, చనిపోయిన భార్య సగంలో వదిలిన మఫ్లర్‌ని తానే నేర్చుకుని అల్లుతానని మిగతా ఉండలు అడిగి పట్టుకెళ్ళాడు. అతన్ని బెరిల్ మూడు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి కుట్లు నేర్పింది. మార్చి మొదటి వారానికి ఇంకో ఇద్దరు. మొత్తం నలుగురు. ఇంకొక్కరొస్తే చాలు.

ఆవిష్కరణ రోజు చాపెల్ వీధి కిటకిటలాడింది. నూట యాభై మంది. బెంచీ మీద కప్పిన గుడ్డ తియ్యగానే చప్పట్లు. క్లైవ్ ఉపన్యాసం. జనమంతా దుకాణానికి వీపు పెట్టి, బెంచీతో ఫోటోలు తీసుకున్నారు. ఇత్తడి రేకు మీద, "ఓల్డ్‌రాయిడ్ ఊలు దుకాణం, ఎప్పటికీ మరువం" అని చెక్కించారు.

ఇంతలో వాన దంచి కొట్టింది. మా యార్క్‌షైర్ వానకి ఉపన్యాసాలంటే పడదు. జనం తల దాచుకోవడానికి వెనక్కి తిరిగితే, ఎదురుగా తెరిచి ఉన్న తలుపు! గబగబా లోపలికి తోసుకొచ్చారు. పొద్దున్నించీ మోగని గంట ఆగకుండా మోగింది. గల్లా దగ్గర నిలబడ్డ బెరిల్ గబగబా జాకెట్ గుండీలు సర్దుకుంది.

వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచి చుట్టూ చూశారు. అవే అరలు, అవే చీటీలు, అదే చెక్క బల్ల మీద ఇత్తడి కొలబద్ద. అప్పుడు ఒకావిడ గట్టిగా నిట్టూర్చి, మ్యూజియం ఎంత బాగా చేశారు అంది. ఇంకేముంది, అందరికీ విషయం అర్థమైపోయింది. తలుపు దగ్గర తడి బూట్లు జాగ్రత్తగా తుడుచుకున్నారు. దేన్నీ ముట్టుకోవద్దని పక్కవాళ్ళని హెచ్చరించారు. టీ దొరికే చోటెక్కడని ఒకాయన అడిగాడు.

ఆ నిట్టూర్చినావిడ బెరిల్ దగ్గరికొచ్చి, ఆమె పాత అల్లిక జాకెట్‌ని పైనుంచి కిందిదాకా చూసి మురిసిపోయింది.

"ఎంత సహజంగా చేస్తున్నారండీ. జీతమిస్తారా, ఊరికే సేవ చేస్తున్నారా?"

"యాభై ఏళ్ళుగా సేవేనమ్మా," అంది బెరిల్.

అప్పుడామె కళ్ళు క్లైవ్ మీద పడ్డాయి. బెరిల్ నిచ్చెన జరిపి, పై వరసలో మూల అర ముందుకెక్కింది. చీటీ మీద తన తల్లి దస్తూరీ, "మిసెస్ బ్రియర్లీ, ముదురాకుపచ్చ." లోపల రెండు ఉండలు. కిందికి తెచ్చి క్లైవ్ చేతుల్లో పెట్టింది.

"మీ అమ్మ నీ స్కూలు స్వెటర్ కోసం పెట్టించుకుంది నాయనా. ఎనిమిది తీసుకెళ్ళింది. జబ్బు చేసి మళ్ళీ రాలేదు. ఇవి నీవే. తీసుకెళ్ళు."

క్లైవ్‌కి ఆ స్వెటర్ గుర్తుంది. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయని స్కూల్లో అందరూ ఏడిపించేవాళ్ళు. పెద్దమనిషి ఆ ఉండల్ని బుగ్గకి ఆనించుకుని నిజంగానే ఏడ్చేశాడు. బెరిల్ కూడా కళ్ళు తుడుచుకుంది. అయిదో మనిషి దొరికాడు!

క్లైవ్ ముక్కు చీదుకుని, ఉండల్ని రెండు వైపులనుంచీ ఫోటో తీసుకున్నాడు. తర్వాత తానే నిచ్చెనెక్కి, వాటిని తిరిగి అదే అరలో భద్రంగా పెట్టేశాడు.

"ఇవి ఇక్కడే ఉండాలండీ. ఇది చరిత్ర," అన్నాడు.

వాన వెలిసింది. నూట యాభై మందీ వెళ్ళిపోయారు. ఒక్క ఉండ కూడా అమ్ముడుపోలేదు కానీ, తలుపు పక్కన గొడుగుల డబ్బాలో ఎవరో విరాళంగా నాణేలు వేసి వెళ్ళారు. క్లైవ్ పెట్టిన ఫోటోకి ఆ రాత్రి రెండు వేల లైకులు. బెరిల్ ఆ రాత్రి భోజనం చెయ్యలేదు.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం కూడా రాలేదు. బుధవారం ఇరవయ్యయిదో తారీఖు. బెరిల్ గోడగడియారం వెనకనుంచి కాగితం తీసి, బల్ల మీద పరిచి, పక్కన పెన్ను పెట్టుకుని కూర్చుంది. పన్నెండున్నరకి జాయిస్ వచ్చి, ఈసారి ఊలు సంచీ లేకుండా, పక్కన నిలబడింది. ఒంటిగంట కొట్టింది. బెరిల్ పెన్ను మూత పెట్టి లేచింది. తలుపుకి "మూసి ఉంది" అన్న పలక తగిలించి, తాళాలు ఓనరుకిచ్చి ఇంటికెళ్ళింది.

చూశారా, ఎంత శుభంగా ముగిసిందో! ఇప్పుడు ఊళ్ళో బెరిల్ దేవత. రోడ్డు మీద కనిపిస్తే చెయ్యి పట్టుకుని వదలరు. మీ దుకాణం లేని చాపెల్ వీధి చూడలేకపోతున్నామంటారు. క్లైవ్ ఆమెని మళ్ళీ గ్రూపులో చేర్చుకున్నాడు, గౌరవ సభ్యురాలిగా! అరల బీరువాని ఊలుతో సహా ఊరి లైబ్రరీలో గాజు తలుపుల వెనక పెట్టించాడు. ముట్టుకోరాదని బోర్డు కూడా ఉంది. అందుకే చెప్పాను, దుకాణమన్నాక మూతపడాలి.

ఇంత వివరంగా నాకెలా తెలుసంటారా? అంతా అయ్యాక జాయిస్ చెప్పింది. ఆ బెంచీ మీదే, నా పక్కన కూర్చుని. బెంచీకి చందా ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను లెండి. బెరిల్ పోయిందన్న కబురు కింద ఏడుపు బొమ్మ పెట్టినవాళ్ళలో కూడా ఉన్నాను. బతికుందని నాకు తెలియకా? అంతమంది ఏడుస్తుంటే నేనొక్కణ్ణీ ఊరుకుంటే ఏం బాగుంటుంది?

"మూడో వరసలో నాలుగో అర మీ ఆవిడదే," అంది జాయిస్. "నువ్వొస్తావనే ఒంటిగంట దాకా చూసిందయ్యా."

నిజమే. నవంబరులో మా ఆవిడ నాకోసం బూడిదరంగు ఊలు పక్కన పెట్టించింది. ఇంకో మూడు ఉండలు తెమ్మని వారానికోసారి చెబుతూనే ఉంది. ఆవిష్కరణ రోజు తెద్దామనుకున్నాను, జనం ఎక్కువున్నారు. సోమవారం మర్చిపోయాను. బుధవారం మాత్రం తప్పకుండా వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి! తలుపుకి పలక వేలాడుతోంది. అరె, బుధవారం ఒంటిపూట కదా, ఎంత చక్కటి అలవాటు అనుకుని, ఆ పలకని ఫోటో తీసి గ్రూపులో పెట్టి, రేపొద్దామని ఇంటికెళ్ళాను. ఆ ఫోటోకి నాలుగొందల లైకులొచ్చాయి.

ఆ రంగు తొట్టి ఊలు ఇంకెక్కడా లేదు. ఇంటర్‌నెట్ అంతా గాలించాం. లైబ్రరీకెళ్ళి క్లైవ్‌ని అడిగాను, నా మూడు ఉండలూ గాజు వెనకనుంచి కనిపిస్తూనే ఉన్నాయి. చరిత్రని స్వెటర్లు చేసుకుంటామా అని కోప్పడ్డాడు. మా ఆవిడ ఇంకేమీ అనకుండా, అల్లినంతవరకూ ముడివేసి నా మీద పడేసింది.

అదే తొడుక్కుని ఈ బెంచీ మీద కూర్చుని ఈ కాలమ్ రాస్తున్నాను. బెంచీ బాగుంది. ఎదురుగా ఖాళీ దుకాణం చూడముచ్చటగా ఉంది. ఎడమ చేతికి మాత్రం కాస్త చలేస్తోంది.